"80 డాలర్లకు ఒక ప్రాణం" అనే లెక్కను ఎలా చదవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. డాలస్‌లో మీరూ మీ మిత్రులూ ఏటా కొంత డబ్బు పోగుచేస్తున్నారు. ఈసారి దాన్ని పోషకాహార లోపంతో చావుబతుకుల్లో ఉన్న పిల్లల కోసం ఇవ్వాలనుకున్నారు. పశ్చిమ ఆఫ్రికా దేశమైన నైజర్‌లో పనిచేసే ఒక సంస్థ "80 డాలర్లతో ఒక బిడ్డను బతికించవచ్చు" అంటోంది. ఇంకో సంస్థ ఒక్కో బిడ్డకు 200 డాలర్లు అవుతుందంటోంది. మీలో కొందరు ఆ డబ్బేదో ఆదిలాబాద్, పాడేరు వైపు మన పిల్లలకే ఇద్దామంటున్నారు. ఎవరికిస్తే మీ డబ్బు ఎక్కువ పనిచేస్తుందో ఎలా తేల్చుకోవాలన్నది ప్రశ్న.

చాలా ఏళ్లుగా ఇలాంటి కార్యక్రమాల లెక్కలూ రికార్డులూ చూడటమే నా పని. ఎక్కువగా నైజర్, ఉత్తర నైజీరియా. ముందే ఒక మాట చెప్పేస్తాను. 80 అయినా, 200 అయినా అది ఒక బిడ్డకు చికిత్స చేయడానికయ్యే ధర. ఆ చికిత్స లేకపోతే ఆ బిడ్డ చనిపోయి ఉండేదా అన్నదానికి ఆ అంకెలో జవాబు లేదు. మీరు అడగాల్సింది ఆ రెండోదే. మిగతాదంతా దాన్ని ఎలా అడగాలన్నదే.

చికిత్స ఎలా జరుగుతుందో తెలియకపోతే డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో తెలియదు కాబట్టి అది క్లుప్తంగా. ఆరు నెలలు దాటి అయిదేళ్ల లోపున్న పిల్లల దండచేతికి రంగుల టేపు చుట్టి కొలుస్తారు. చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కన్నా తక్కువున్నా, ఎత్తుకు తగ్గ బరువు మరీ పడిపోయినా, రెండు పాదాలకూ వాపు ఉన్నా అది తీవ్ర లోపం. మన అంగన్‌వాడీల్లో "సామ్ పిల్లలు" అనేది వీళ్లనే. 115కూ 125కూ మధ్య ఉంటే మధ్యస్థ లోపం, "మామ్". ఒకప్పుడు సామ్ పిల్లలందరినీ వారాల తరబడి ఆస్పత్రిలో ఉంచి పాల మిశ్రమాలు పట్టేవారు. మంచాలు చాలేవి కావు. తల్లికి ఇంటి దగ్గర మిగతా పిల్లలు, పొలం పని. 1996లో ఫ్రాన్స్‌లో ఆంద్రే బ్రియాండ్, మిషెల్ లెస్కాన్ కలిసి వేరుసెనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు, ఖనిజాలతో "ప్లంపీనట్" తయారుచేశాక దారి మారింది. దానికి నీళ్లు కలపక్కర్లేదు, వండక్కర్లేదు, ఎండలో ఉన్నా తొందరగా పాడవదు. 92 గ్రాముల ఒక ప్యాకెట్‌లో 500 కేలరీలు ఉంటాయి. 2007లో ఐక్యరాజ్యసమితి సంస్థలు ఇంటి దగ్గరి చికిత్సను అధికారికంగా ఒప్పుకున్నాయి. ఇప్పుడు ఆకలి ఉన్న, వేరే జబ్బు ముదరని బిడ్డను తల్లి వారానికోసారి ఆరోగ్య కేంద్రానికి తీసుకొచ్చి చూపించి, వారానికి సరిపడా ప్యాకెట్లు తీసుకెళ్తుంది. ఇలా ఓ ఆరు నుంచి ఎనిమిది వారాలు సాగుతుంది. తిండి తీసుకోలేని, జ్వరమో విరేచనాలో ముదిరిన కొద్దిమందినే ఆస్పత్రిలో చేర్చుకుంటారు.

ఇక ఖర్చు. ప్యాకెట్లు 150 చొప్పున అట్టపెట్టెల్లో వస్తాయి. సుమారుగా ఒక పెట్టె ఒక బిడ్డకు సరిపోతుంది. పెట్టె ధర 40, 50 డాలర్ల ప్రాంతంలో ఉంటూ వచ్చింది. అయితే ప్రపంచంలో తయారయ్యే ఈ ప్యాకెట్లలో ఎక్కువ భాగం కొనేది యూనిసెఫ్. అది వాటిని సంస్థలకు ఉచితంగా ఇస్తుంది. అలా వచ్చిన పెట్టె ఖరీదు సంస్థ సొంత పద్దుల్లో కనిపించదు. ఆరోగ్య కేంద్రం నర్సు జీతం ప్రభుత్వానిదైతే అదీ కనిపించదు. ప్రధాన కార్యాలయం ఖర్చును కొందరు కలుపుతారు, కొందరు కలపరు. మీకు కనిపించిన 80కీ 200కీ మధ్య తేడా అంతా ఇదే కావచ్చు. రెండు సంస్థలూ ఒకే పని ఒకే ఖర్చుతో చేస్తూ వేర్వేరు చోట్ల గీత గీసి ఉండవచ్చు.

"యూనిసెఫ్ ఇచ్చింది మా డబ్బు కాదు కదా, దాన్నెందుకు లెక్కేయాలి?" అని మీవాళ్లెవరైనా అడగవచ్చు. ఆ పెట్టె ఈ సంస్థకు రాకపోతే గోడౌన్లో పడి ఉండేదైతే లెక్కేయక్కర్లేదు. కానీ కరువు నెలల్లో పెట్టెలకు ఎప్పుడూ కటకటే. ఇక్కడికి రానిది ఇంకో జిల్లాకు పోయేది, అక్కడ ఇంకో బిడ్డ తినేది. అందుకే నేను కలిపే లెక్కేస్తాను.

అన్నీ కలిపితే అంకె ఎంత పెరుగుతుందో చూడాలంటే కెన్యా, దక్షిణ సూడాన్‌లలో జరిగి 2020లో ప్రచురితమైన ఒక పరిశోధన ఉంది. సామ్, మామ్ పిల్లలకు వేర్వేరు పద్ధతులు కాకుండా ఒకే సులువైన పద్ధతి పెడితే ఏమవుతుందని చూశారు. కోలుకున్న ఒక్కో బిడ్డకు పాత పద్ధతిలో 1,041 డాలర్లు, కొత్త పద్ధతిలో 918 డాలర్లు పడింది. దూరాభారం, అభద్రత ఉన్న చోట ఖర్చంతా నిజాయితీగా రాస్తే అంత అవుతుంది. మరోవైపు బంగ్లాదేశ్‌లోని భోలా జిల్లాలో ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తల చేతే చికిత్స చేయిస్తే బిడ్డకు 165 డాలర్లే అయింది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి దక్షిణ సూడాన్ కార్యక్రమం దండగ అనడం అన్యాయం. చోటు వేరు, అక్కడి చావు ప్రమాదమూ వేరు.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. చికిత్స లేకపోతే ఎంతమంది చనిపోతారు? దీనికి నేరుగా జవాబు చెప్పే ప్రయోగం ఉండదు, ఉండకూడదు కూడా. ఎండిపోయిన బిడ్డను చూస్తూ ఏమీ ఇవ్వకుండా లెక్క రాసుకునే పరిశోధనను ఏ మనిషీ ఒప్పుకోడు. అందుకని ఈ చికిత్స ఇంకా రాని రోజుల్లో, పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన పాత అధ్యయనాల మీదే ఆధారపడాలి. అలాంటి పదింటిని కలిపి 2013లో లెక్కగట్టారు. మామూలు పిల్లలతో పోలిస్తే ఎత్తుకు తగ్గ బరువు మరీ తక్కువున్న పిల్లలకు చావు ప్రమాదం 11.6 రెట్లు, మధ్యస్థంగా తక్కువున్న వాళ్లకు 3.4 రెట్లు ఉందని తేలింది.

విరాళాలు అడిగే ప్రతి కాగితంలోనూ ఆ "పదకొండు రెట్లు" కనిపిస్తుంది. మాట నిజమే. దాన్ని చదివేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆ అధ్యయనాల కాలం నుంచి ఇప్పటికి తట్టు టీకాలు, మలేరియా మందులు, దోమతెరలు ఊళ్లకు చేరాయి. పిల్లల చావులు మొత్తంగానే తగ్గాయి. పదకొండు రెట్లు అనేది దేనికి పదకొండు రెట్లో చూడాలి. ఆ అసలు అంకే చిన్నదైపోయింది. ఇక రెండోది: బిడ్డ ఎండిపోవడానికి కారణం క్షయో, హెచ్ఐవీయో, పుట్టుకతో వచ్చిన గుండె జబ్బో అయితే వేరుసెనగ ముద్ద బరువు పెంచుతుందేమో గానీ ఆ జబ్బును తీసేయదు. ఆ పదకొండు రెట్ల ప్రమాదంలో చికిత్స తీసేసే భాగం కొంతే.

ఒక లెక్క వేసి చూపిస్తాను. ఇందులోని శాతాలు వివరణ కోసం నేను అనుకున్నవి, ఏ సంస్థవీ కావు. వెయ్యిమంది పిల్లలు చేరారనుకోండి. అన్నీ కలిపి ఒక్కొక్కరికి 150 డాలర్ల చొప్పున మొత్తం 1,50,000 డాలర్లు. చికిత్స లేకపోతే వందమంది పోయేవాళ్లు, చికిత్సతో నలభైమంది పోయారు. దక్కినవాళ్లు 60. ప్రాణానికి 2,500 డాలర్లు. కానీ ఆ వెయ్యిమందిలో పావు వంతుకు ఈ సంస్థ లేకపోయినా ప్రభుత్వ ఆస్పత్రిలోనో, పక్క సంస్థ దగ్గరో వైద్యం దొరికేదనుకోండి. అరవై 45కు దిగుతుంది. కొలత తప్పుగా తీసినందువల్లో, అంత ప్రమాదం లేని పిల్లల్ని చేర్చుకున్నందువల్లో ఇంకో అయిదో వంతు పోతే 36. కోలుకుని ఇంటికెళ్లాక ఏడాదిలోగా మళ్లీ లోపంలో పడో, మలేరియాతోనో పోయే ఆరో వంతు తీసేస్తే 30. ప్రాణానికి 5,000 డాలర్లు. ఇప్పుడు మొదటి ఊహ ఒక్కటే మార్చండి. చికిత్స లేకపోతే వందమంది కాదు, యాభైమందే పోయేవాళ్లు, చికిత్సతో ఇరవైమంది పోయారు. మిగతా మెట్లన్నీ అలాగే ఉంచితే దక్కినవాళ్లు 15, ప్రాణానికి 10,000 డాలర్లు.

ప్రాణానికి 2,500కూ 10,000కూ మధ్య ఎవరూ అబద్ధం చెప్పలేదు. అందుకే "మా దగ్గర ఒక ప్రాణానికి సరిగ్గా ఇంత" అని ఒకే అంకె చెప్పే సంస్థ కన్నా "ఇంత నుంచి ఇంత దాకా, మాకున్న అనుమానాలు ఇవీ" అని చెప్పే సంస్థ మీద నాకు నమ్మకం ఎక్కువ. విరాళాల ఫలితాన్ని లెక్కగట్టే గివ్‌వెల్ ఈ రంగంలో అలిమా, ఐఆర్‌సీ వంటి సంస్థల పనిని చూసినప్పుడు ఇలాగే ఒక్కో మెట్టూ దిగుతూ లెక్కేసింది. మలేరియా దోమతెరల పంపిణీకి వాళ్ల లెక్క ప్రకారం ఒక ప్రాణానికి కొన్ని వేల డాలర్లు పడుతుంది. సరైన చోట జరిగే పోషకాహార చికిత్స కూడా ఆ పక్కనే నిలబడగలదు. 80 డాలర్ల మాట విన్నాక 5,000 అంటే నిరాశగా ఉంటుందని తెలుసు. నిరాశపడకండి. అయిదువేల డాలర్లకు ఒక బిడ్డ నిజంగా బతకడం ఈ లోకంలో దొరికే అతి గొప్ప బేరాల్లో ఒకటి.

మలావీలో ఆరోగ్యవంతమైన ఒక ఏడాది జీవితానికి 42 డాలర్లు, భోలాలో 26 డాలర్లు అని వచ్చిన అధ్యయనాలు మీరు వెతికితే కనబడతాయి. మంచి అధ్యయనాలే. వాటిలోనూ ఖర్చు కొలిచిందే గానీ, చికిత్స లేకపోతే ఏమయ్యేదన్నది పాత లెక్కల నుంచి తెచ్చుకున్నదే.

సంస్థలు తమ నివేదికల్లో గొప్పగా చూపే "కోలుకున్నవారి శాతం" గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చదువుకున్న దాతలు కూడా ఇక్కడే ఆగిపోతారు. అంతర్జాతీయంగా అందరూ పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం బయటికెళ్లిన పిల్లల్లో 75 శాతం పైగా కోలుకోవాలి, మరణాలు 10 శాతం లోపు, మధ్యలో మానేసినవాళ్లు 15 శాతం లోపు ఉండాలి. ఇప్పుడు చాలా కార్యక్రమాల్లో మరణాలు ఒక శాతం కన్నా తక్కువే కనిపిస్తాయి. ఆ అంకె ఎలా పుడుతుందో చూడండి. బిడ్డ పరిస్థితి విషమిస్తే ఆస్పత్రికి పంపుతారు. ఊరి కేంద్రం రిజిస్టరులో "బదిలీ" అని పడుతుంది. బిడ్డ ఆస్పత్రిలో పోతే ఆ చావు ఆస్పత్రి లెక్కలోకి వెళ్తుంది. రెండు వారాలు వచ్చి మూడో వారం రాని బిడ్డ "మానేసిన" గడిలోకి పోతుంది. ఆ తల్లి పొలం పనుల వల్ల రాలేదా, బిడ్డను పూడ్చిపెట్టి రాలేదా అన్నది ఎవరైనా ఇంటికెళ్లి కనుక్కుంటే తప్ప తెలియదు. అందుకే "మానేసినవాళ్ల ఇళ్లకు వెళ్లి చూశారా, వెళ్తే ఎంతమంది బతికున్నారు?" అన్న ప్రశ్నకు సంస్థ ఇచ్చే జవాబుకు నేను కోలుకున్నవారి శాతం కన్నా ఎక్కువ విలువిస్తాను. ఆస్పత్రి చావులను, ఊరి కేంద్రం చావులను కలిపి చూపమనండి.

ఇంకో విచిత్రం ఉంది. లోపం తేలికగా ఉన్న పిల్లల్నే చేర్చుకుంటే కోలుకున్న శాతం పెరుగుతుంది, బిడ్డకయ్యే ఖర్చు తగ్గుతుంది, కాగితం మీద అంతా అందంగా ఉంటుంది. దక్కిన ప్రాణాలు మాత్రం తగ్గుతాయి. కాబట్టి చేరేనాటికి పిల్లల దండచేతి కొలత ఎంత ఉందో అడగాలి. సగటున 115కు కొద్దిగా కింద ఉంటే ఊళ్లలో తిరిగి తొందరగానే కనిపెడుతున్నారన్నమాట. 105 దగ్గరుంటే ఆలస్యంగా దొరుకుతున్నారు. 115 పైనే ఎక్కువమంది ఉంటే వాళ్లకు ఏ లెక్కన చికిత్స చేస్తున్నారో అడగాలి. కొన్ని చోట్ల 125 లోపు అందర్నీ తక్కువ ప్యాకెట్లతో చూసే పద్ధతి కావాలనే పెట్టారు. దాంట్లో తప్పు లేదు. కానీ 3.4 రెట్ల ప్రమాదమున్న బిడ్డను 11.6 రెట్ల ప్రమాదమున్న బిడ్డతో సమానంగా లెక్కేసి ప్రాణాల సంఖ్య చెప్పకూడదు.

ఊళ్లో ఉన్న సామ్ పిల్లల్లో ఎంతమంది కార్యక్రమంలోకి వచ్చారన్నది మరో మంచి కొలత. పల్లెల్లో సగానికి పైగా రావాలని స్ఫియర్ ప్రమాణం. ఇది తెలుసుకోవాలంటే కేంద్రంలో కూర్చుంటే సరిపోదు, ఊరూరా తిరిగి సర్వే చేయాలి. డబ్బు ఖర్చవుతుంది కాబట్టి చాలామంది చేయరు. చేసిన సంస్థ కనిపిస్తే అదొక మంచి గుర్తు. నైజర్‌లోని మిరియా జిల్లాలో తల్లుల చేతికే టేపు ఇచ్చి కొలవడం నేర్పారు. తల్లులు ఆరోగ్య కార్యకర్తల స్థాయిలోనే కొలవగలిగారు. పిల్లలు ముందుగా దొరికారు, ఆస్పత్రి దాకా పోయేవాళ్లు తగ్గారు, కనిపెట్టే ఖర్చు సగానికన్నా తక్కువకు దిగింది. నా మటుకు ఈ రంగంలో వచ్చిన మంచి మార్పుల్లో ఇదొకటి. మీరు చూస్తున్న సంస్థ తల్లులకు టేపులు ఇస్తోందో లేదో అడగండి.

తిరిగి లోపంలో పడటం చాలా చోట్ల పెద్ద సమస్య. కోలుకున్న పిల్లల్ని ఆరు నెలలు గమనిస్తే దక్షిణ సూడాన్‌లో సగానికి పైగా మళ్లీ లోపంలోకి జారారు, మాలి, సోమాలియాలలో అంతకన్నా తక్కువమంది. అదే బిడ్డ ఏడాదిలో రెండుసార్లు చేరితే కొన్ని సంస్థల లెక్కలో అది ఇద్దరు పిల్లలు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ల లోపు పిల్లల్లో ఎత్తుకు తగ్గ బరువు లేనివాళ్లు 19.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 16.1, తెలంగాణలో 21.7. ఈ శాతాలు నైజర్ పక్కన పెట్టినా చిన్నవి కావు. అంకె చూసి, అక్కడున్న అవసరమే ఇక్కడా ఉందనిపిస్తుంది. కానీ మన దగ్గర అదే కొలతకు పడిపోయిన బిడ్డ చనిపోయే అవకాశం పైన చెప్పిన పాత అధ్యయనాల్లో కనిపించినంత లేదు. ఉత్తరప్రదేశ్‌లోనూ, జార్ఖండ్, ఒడిశా పల్లెల్లోనూ పిల్లల్ని గమనించిన పరిశోధనలు ఇదే చెప్పాయి. మన పిల్లలు తక్కువ బరువుతో పుట్టడం, సన్నగా ఉండే శరీర తీరు, టీకాలు, దగ్గర్లో ఆస్పత్రి ఇవన్నీ ఇందులో ఉన్నాయి. ప్యాకెట్ల ఫలితం కూడా ఇక్కడ తక్కువే. ఢిల్లీ, రాజస్థాన్, తమిళనాడులో 906 మంది సామ్ పిల్లలతో చేసి 2016లో ప్రచురించిన ప్రయోగంలో స్థానికంగా చేసిన వేరుసెనగ ముద్దతో 56.9 శాతం, ఫ్యాక్టరీ ముద్దతో 47.5 శాతం, బలవర్ధకంగా వండిన ఇంటి తిండితో 42.8 శాతం కోలుకున్నారు. చికిత్స ఆపాక వాళ్లలో చాలామంది మళ్లీ తగ్గారు.

పైగా ఇక్కడ ప్రభుత్వ వ్యవస్థ ఉంది. అంగన్‌వాడీ ఉంది, అక్కడ పిల్లలకిచ్చే పోషకాహార పిండి బాలామృతం ఉంది, తీవ్ర లోపమున్న పిల్లల కోసం తెలంగాణలో బాలామృతం ప్లస్ వచ్చింది, ఆస్పత్రుల్లో పోషకాహార పునరావాస కేంద్రాలు (ఎన్‌ఆర్‌సీలు) ఉన్నాయి. వాటి పక్కన మీరు ఇంకో ప్యాకెట్ పంచితే పై లెక్కలో వేరేచోట వైద్యం దొరికేవాళ్ల కోసం తీసేసిన పావు వంతు కాస్తా ముప్పావు వంతు కావచ్చు. ఏజెన్సీ ప్రాంతాల్లో అడ్డు వేరే చోట ఉంది. ఎన్‌ఆర్‌సీలో రెండు వారాలు ఉండాలంటే తల్లి కూలి పోతుంది, ఇంట్లో మిగతా పిల్లల్ని చూసేవాళ్లు ఉండరు, కొండ దిగడానికి బండి ఉండదు. ఇంటికిచ్చిన బాలామృతం బిడ్డ ఒక్కతే తినదు, ఇంటిల్లిపాదీ తింటారు. అక్కడ ఇవ్వాలనుకుంటే బిడ్డను ఎన్‌ఆర్‌సీకి చేర్చి, తల్లికి తోడుండి, తిరిగొచ్చాక ఇంటికెళ్లి చూసే చిన్న సంస్థలకు ఇవ్వండి. వాటి ఫలితాన్ని ప్రాణాల్లో కొలవబోకండి. బిడ్డ ఎదుగుదల, తల్లికి దొరికిన అండ, ఇవీ విలువైనవే. మన పిల్లల మీద మమకారంతో ఇవ్వడం తప్పేమీ కాదు. అది నైజర్‌లో ఇచ్చినన్ని చావుల్ని ఆపుతుందన్న లెక్కతో మాత్రం ఇవ్వొద్దు.

ఒక్క సంగతి మిగిలింది. 2025లో అమెరికా ప్రభుత్వం తన విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసేసింది. ఈ ప్యాకెట్లకు డబ్బిచ్చే అతి పెద్ద దాతల్లో అది ఒకటి. దాంతో "ఈ సంస్థ లేకపోతే ఇంకెవరో చూసేవాళ్లు" అన్న తీసివేత చాలా జిల్లాల్లో చిన్నదైపోయింది, కొన్ని చోట్ల సున్నా అయింది. ఉచితంగా వచ్చే పెట్టెలు రాక సంస్థలే కొనుక్కోవాల్సిన పరిస్థితీ వచ్చింది. కాబట్టి 2024 దాకా వేసిన లెక్కలను చూపిస్తే "ఇప్పుడు మీ జిల్లాలో ఇంకెవరు పనిచేస్తున్నారు, పెట్టెలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?" అని తప్పకుండా అడగండి.

మీ స్థానంలో ఉంటే ఈ డబ్బును నేను నైజర్, చాద్, ఉత్తర నైజీరియాలలో ఒకచోట, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉండే కరువు నెలలకు ముందే చేరేలా ఇస్తాను. ఆ నెలల్లోనే గాదెలు ఖాళీ అవుతాయి, మలేరియా కూడా అప్పుడే విరుచుకుపడుతుంది. సెప్టెంబరులో చేరిన డబ్బుతో పెట్టెలు కొని, ఓడలో తెప్పించి, లారీలకెక్కించేసరికి ఆ ఏడాది పిల్లలకు అందవు. రెండు సంస్థలకూ ఇవ్వాళే రాయండి: ఉచితంగా వచ్చినవి కలిపి బిడ్డకు మొత్తం ఖర్చెంత, చేరేనాటి సగటు దండచేతి కొలత ఎంత, మానేసినవాళ్లలో ఎంతమందిని వెతికారు, చుట్టుపక్కల ఇంకెవరున్నారు. జవాబులు ఇక్కడే పెట్టండి, పైన చూపిన మెట్ల ప్రకారం రెండింటికీ లెక్క వేసి చెబుతాను.